పనోడనుకున్నా, ఏమనుకోవద్దు

బెంగళూరు చిక్కపేటలో పట్టుచీర కొనాలంటే ముందు చెప్పులు విడవాలి. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కొనేవాళ్లు ఒకవైపు, చూపించేవాళ్లు ఒకవైపు. అందరివీ వట్టి కాళ్లే. పోయిన శ్రావణంలో మా అక్క కూతురి పెళ్లిబట్టలకని అలాంటి అంగడి ఒకదానికి వెళ్లాం. రెండు గంటలు మఠం వేసుకుని కూర్చునేసరికి నా మోకాళ్లు పట్టేశాయి. అక్క ఎంచి పక్కన పెట్టిన మూడు చీరలు పట్టుకుని లేచి గోడవారగా నిలబడ్డాను. తెల్లచొక్కా, బూడిదరంగు ప్యాంటు, ముంజేతి మీద చీరలు. హిందూపురం వైపునుంచి వచ్చినట్టున్న ఒక పెద్దావిడ నన్ను చూసి, “ఏమప్పా, ఆ చిలకపచ్చది రోంత పరిచి చూపీ” అంది.

చూపించాను. ఎందుకు చూపించానో ఇప్పటికీ తెలీదు. ఆవిడ అడిగిన తీరులో అంత నమ్మకం ఉంది. “కొంగు?” అంది. కొంగూ విప్పాను. “ఎంతకిస్తావు?” అనేసరికి దొరికిపోయాను. పక్కనున్న సేల్స్‌మన్ కుర్రాడు నవ్వాపుకుంటూ, “అవ్వా, ఆయన కూడా కొనేదానికి వచ్చినోరే” అన్నాడు. పెద్దావిడ నాలుక కరుచుకుంది. కూర్చున్నదల్లా లేవబోయింది కూడా. “అయ్యో సామీ, పనోడనుకున్నా, ఏమనుకోవద్దు” అని రెండుసార్లు అంది. “దానిదేముందమ్మా, పర్వాలేదు” అన్నాను, పెద్దమనిషి తరహాగా.

అంటూనే కుర్రాడి వంక చూశాను. చిలకపచ్చ చీర మడత పెడుతున్నాడు. ఆవిడ అన్న పనోడు అతనే కదా! అతనిలాంటివాణ్ని అనుకున్నందుకు ఆవిడ నన్ను క్షమించమంది. నేను క్షమించాను. మా ఇద్దరి మర్యాదా అతని మీదుగా నడిచిపోయింది. ఆవిడ తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తిట్టలేదు, మర్యాదే చేసింది. చిక్కు అక్కడే ఉంది.

ఈ పేటలో ఇలాంటి పొరపాటు జరగడం వింత కాదు. 1537లో కెంపేగౌడ వేయించిన ఊరిలో వీధి పేరు చెబితే మనిషి పని తెలిసేది. బళేపేట గాజులవాళ్లది, అక్కిపేట బియ్యంవాళ్లది, గాణిగరపేట గానుగవాళ్లది. ఇప్పుడు అలా కాదు. 2017లో చిక్కపేటకు మెట్రో స్టేషన్ వచ్చాక ఊరి నలుమూలల వాళ్లూ నేలకింద నుంచి పైకి తేలుతున్నారు. అంగడి యజమాని చాలాసార్లు గుమాస్తా కన్నా నలిగిన చొక్కాతో ఉంటాడు. బట్టను బట్టి మనిషిని లెక్కగట్టడం ఇక్కడ కుదరదు. అయినా కడుతూనే ఉంటాం. కథలు ఈ లెక్కను ఎలా చూశాయి, పనివాడని పొరబడిన చోట ఏం చెప్పాయి, ఏం చెప్పకుండా దాటవేశాయి అన్నది కొన్నేళ్లుగా నాకు తోచినప్పుడల్లా ఆలోచిస్తున్న సంగతి. ఆ పెద్దావిడ పుణ్యమా అని రాయడానికి కూర్చున్నాను.

మొదలుపెట్టాల్సింది విరాటపర్వంతోనే. తిక్కన కూడా భారతాన్ని అక్కడే మొదలుపెట్టాడు. వానలు పడకపోతే ఊళ్లో విరాటపర్వం చదివించే ఆచారం ఉన్న జాతి మనది. అందులో కథ మొత్తం ఇదే పొరపాటు. ఆరుగురు గొప్పవాళ్లు కొలువుకు కుదిరారు. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వంటవాడు వలలుడు, అర్జునుడు ఆటపాటలు నేర్పే బృహన్నల. నకులుడు గుర్రాలు, సహదేవుడు ఆవులు చూసుకున్నారు. ద్రౌపది సైరంధ్రి. గమనిస్తే వీళ్లెవరూ ఇల్లు ఊడ్చే పనికి చేరలేదు. ధర్మరాజుది రాజు పక్కన కూర్చుని జూదమాడే ఉద్యోగం. దాన్ని దాస్యం అనడానికి కొంచెం ధైర్యం కావాలి. ద్రౌపది అయితే ముందే షరతులు చెప్పింది: ఎంగిలి ముట్టను, ఒకరి కాళ్లు కడగను. మారువేషంలో ఉండి కూడా గీత గీసుకోగలిగింది. నిజంగా పని వెతుక్కుంటూ వచ్చిన ఆడది సుదేష్ణ ముందు నిలబడి ఆ మాట అనగలదా?

అంత గీత గీసుకున్నా కాపాడలేదు. సుదేష్ణ ఆమెను కల్లు తెమ్మనే నెపంతో కీచకుడి ఇంటికి పంపింది. తప్పించుకుని నిండుసభలోకి పరుగెత్తుకొస్తే కీచకుడు వెంటపడి వచ్చి అందరూ చూస్తుండగా తన్నాడు. విరాటుడు నోరు మెదపలేదు. కంకుభట్టు వేషంలో ఉన్న మొగుడే, ఆటకు అడ్డం వస్తున్నావని మందలించి లోపలికి పొమ్మన్నాడు. భారతంలో నాకు అన్నిటికన్నా భయం పుట్టించే ఘట్టం ఇది, కురుసభ కన్నా ఎక్కువ. కురుసభలో అందరికీ తెలుసు ఆమె ఎవరో; అది పగ. విరాటుడి సభలో ఎవరికీ తెలీదు. అది మామూలు రోజు. ఒక పనిమనిషిని రాణిగారి తమ్ముడు తన్నాడు, అంతే. ఆ సభలో ఆశ్చర్యపోయినవాడు ఎవడూ లేడు.

మరునాటి రాత్రి భీముడు నర్తనశాలలో కీచకుణ్ని చంపాడు. 1963లో కమలాకర కామేశ్వరరావు తీసిన ‘నర్తనశాల’లో కీచకుడు ఎస్.వి.రంగారావు; ఆ వేషానికి ఆయనకు జకార్తా చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. సావిత్రి సైరంధ్రి. సినిమా చూసిన ప్రతివాడూ కీచకుడు చచ్చినప్పుడు తృప్తిపడ్డాడు. కానీ ఆ తృప్తి ఎక్కడిదో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి. ఆమె ద్రౌపది కాబట్టి భీముడున్నాడు. మాలిని అనే సైరంధ్రి ఒట్టి సైరంధ్రే అయి ఉంటే నర్తనశాలకు ఎవరొస్తారు? కథలో దానికి జవాబు లేదు. కీచకుడు చచ్చాక కూడా రాజు భయపడి ఆమెనే వెళ్లిపొమ్మన్నాడు. పదమూడు రోజులు గడువడిగి నిలబడింది. పాండవులని తెలిశాక విరాటుడు గడగడలాడి, కూతుర్నిస్తానన్నాడు, తప్పు కాయమన్నాడు. కంకుభట్టును పాచికతో నెత్తురొచ్చేలా కొట్టింది ధర్మరాజునని తెలిసినందుకే ఆ వణుకంతా. కంకుభట్టు కంకుభట్టే అయి ఉంటే ఆ దెబ్బ దెబ్బే.

అవమానం ఇక్కడ ఉత్తరం లాంటిది. వేరే ఇంటికి చేరిందని బాధపడతారు. ఉత్తరంలో రాసింది తప్పని మాత్రం ఎవరూ అనరు. ఈ జాతి కథల్లో నూటికి తొంభై దీని మీదే నడుస్తాయి. సంస్కృత నాటకాలు ఈ కిటుకును అరగదీసి వదిలాయి. కాళిదాసు మాళవిక రాణి ధారిణి పరివారంలో నాట్యం నేర్చుకునే పిల్ల; చివరికి విదర్భ రాచపిల్లగా తేలుతుంది, అప్పుడు పెళ్లికి అడ్డు తొలగుతుంది. హర్షుడి రత్నావళి సింహళ రాకుమారి. ఓడ మునిగి సాగరిక అన్న పేరుతో వాసవదత్త కొలువులో పడుతుంది. రాజు మనసు ఆమె మీద పడిందని రాణి సంకెళ్లు వేయిస్తుంది. తన చుట్టమని తెలియగానే అదే రాణి తన నగలు తీసి తొడుగుతుంది. సాగరికకు సంకెళ్లు, రత్నావళికి నగలు. రెండూ వేసిన చెయ్యి ఒక్కటే. హర్షుడికి ఇందులో ఇబ్బందేమీ కనబడలేదు.

ఇబ్బంది కనబడినవాడు శూద్రకుడు. మృచ్ఛకటికం మొదటి అంకం ఈ విషయం మీద మన దేశంలో వచ్చిన అతి గొప్ప రచన అని నా తీర్పు. సాయంకాలం చీకటి. వసంతసేన అనే ధనవంతురాలైన వేశ్యను రాజుగారి బావమరిది శకారుడు తరుముతున్నాడు. ఆమె చారుదత్తుడి ఇంటి పక్కతలుపు దగ్గరికి చేరుతుంది. అప్పుడే లోపలినుంచి మైత్రేయుడు, వెంట దీపం పట్టుకుని ఇంటి దాసి రదనిక, నాలుగుదారుల కూడలిలో బలి పెట్టడానికి తలుపు తీస్తారు. వసంతసేన చెంగుతో దీపం ఆర్పి లోపలికి జారుకుంటుంది. ఇక అక్కణ్నుంచి ఒకే చీకట్లో రెండు పొరపాట్లు.

లోపల చారుదత్తుడు వచ్చింది రదనిక అనుకున్నాడు. గాలి చల్లగా ఉంది, పిల్లాణ్ని లోపలికి తీసుకెళ్లు, ఇదిగో ఇది కప్పు అని తన ఉత్తరీయం విసిరాడు. వసంతసేన ఆ ఉత్తరీయంలో జాజుల వాసన చూసి మురిసిపోయింది. ఆ ఇంటిలోపలి మనిషిగా ఒక్క క్షణం ఉండే అదృష్టం దాసి అనుకోవడం వల్లే దక్కింది. బయట శకారుడు చీకట్లో తడుముకుంటూ రదనిక జుట్టు పట్టుకున్నాడు, వసంతసేన దొరికిందనుకుని.

దీపం వచ్చింది. ఇప్పుడు ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పారో చూడండి. లోపల చారుదత్తుడు వసంతసేనకు చెప్పుకున్నాడు, తెలియక దాసిలా చూశానని. ఆమె అతనికి చెప్పింది, పిలవకుండా వచ్చానని. ఇద్దరూ ఒకరికొకరు వంగివంగి దండాలు పెట్టుకుంటుంటే మైత్రేయుడు వేళాకోళమాడాడు. బయట జరిగిందానికి శకారుడి వెంట ఉన్న విటుడు కాళ్లమీద పడ్డాడు. ఎవరి కాళ్ల మీద? రదనిక కాళ్ల మీద కాదు, మైత్రేయుడి కాళ్ల మీద. జుట్టు పట్టి లాగింది ఆమెను. క్షమించమని అడిగింది బ్రాహ్మణ్ని. ఈ సంగతి చారుదత్తుడితో అనవద్దని విటుడు వేడుకుంటే, మైత్రేయుడు అదే మాట రదనికతో అన్నాడు. తను నోరు కట్టుకున్న మనిషినేనని రదనిక ఒప్పుకుంది. లోపల పొరపాటు ప్రేమకథకు మొదలయింది. బయట పొరపాటు అక్కడే పాతిపెట్టారు. శూద్రకుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు, వ్యాఖ్యానం చెయ్యలేదు. కన్నడవాళ్ల తొలినాటి మూకీ సినిమాల్లో ఈ కథ కూడా ఉంది. కమలాదేవి చట్టోపాధ్యాయ అందులో నటించారు.

ఇంగ్లీషువాళ్లకు ఈ కోవలో గోల్డ్‌స్మిత్ ఉన్నాడు. కుర్రతనంలో ఒక పెద్దింటిని పూటకూళ్ల ఇల్లనుకుని లోపలికి పోయి, యజమానికి ఇది తే అది తే అని పురమాయించాడని ఆయన గురించి చెప్పుకుంటారు. 1773లో లండన్‌లో ఆడిన ‘షీ స్టూప్స్ టు కాంకర్’లో అదే పొరపాటును నాటకం చేశాడు. మార్లో అనే యువకుడికి పెద్దింటి ఆడపిల్లల ముందు నోరు పెగలదు. పనిపిల్లల దగ్గర మాత్రం చేతులు ఊరుకోవు. ఇంటి యజమానిని పూటకూళ్లవాడనుకున్నాడు, కూతురు కేట్‌ను అందులో పనిపిల్ల అనుకున్నాడు. ఆమె సరదాగా ఆ వేషం నిలబెట్టుకుని అతన్ని గెలుచుకుంది. ఇది హాస్య నాటకమే, ఇప్పటికీ నవ్వు వస్తుంది. అయితే పనిపిల్ల అనుకున్నంతసేపూ మార్లో ఏం చేశాడన్నది ఆ నవ్వు కింద పడి ఉంటుంది. పెళ్లయిపోతుంది కాబట్టి ఎవరూ ఎత్తి చూడరు. అంతకు ముందే, 1730లో, ఫ్రెంచి నాటకకర్త మారివో యజమానుల చేతా పనివాళ్ల చేతా బట్టలు మార్పించాడు. చివరికి ఎవరి తరగతి వాళ్లు ఆ తరగతిలోనే ప్రేమించారు. అంటే బట్టలు మారినా రక్తం తన దారి తాను వెతుక్కుందట. ఆ మాట మన సినిమాల్లో మళ్లీ వస్తుంది.

‘గుండమ్మ కథ’ తెలుగువాళ్ల ఇంటి సినిమా అని మనం అనుకుంటాం గానీ దాని వేరు కన్నడంలో ఉంది. విఠలాచార్య 1958లో తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ దానికి మూలం. గుండమ్మ అన్న పేరు కూడా కన్నడ పేరే. ఈ పేటలో మా అవ్వ స్నేహితురాలికి ఆ పేరుండేది, సినిమా చూసి ఆవిడ కొంచెం నొచ్చుకుందని ఇంట్లో చెప్పుకునేవారు. 1962లో విజయావారి తెలుగు సినిమాలో జమీందారు కొడుకు ఎన్టీఆర్ అంజి అన్న పేరుతో, నిక్కరేసుకుని గుండమ్మ ఇంట్లో పనికి చేరతాడు. అదే ఇంట్లో సవతి కూతురు లక్ష్మి, అంటే సావిత్రి, వేషమేమీ వేయకుండానే పనిమనిషి. ఈ రెండోదే సినిమాకు ప్రాణమని నాకనిపిస్తుంది. అంజిది పొరపాటు, లక్ష్మిది అలవాటు. తన సొంత ఇంట్లో పని మొత్తం చేసే అమ్మాయిని ఎవరూ పొరబడి పనిమనిషి అనుకోలేదు. తెలిసే ఆ చోట పెట్టారు.

డి.వి.నరసరాజు మాటల్లో గుండమ్మ రాక్షసి కాదు, పాపం గంపెడు నోరున్న విధవ. సూర్యకాంతం ఆ నోటికి న్యాయం చేసింది. అంజి ఆ ఇంట్లో రుబ్బాడు, ఊడ్చాడు, లక్ష్మిని పెళ్లాడాడు. పనివాడనే అనుకుని లక్ష్మి అతన్ని ఇష్టపడింది. ఇంత నిజాయితీగా పనివాణ్ని ప్రేమించిన నాయిక తెలుగు తెర మీద అరుదు. కానీ ఆ ప్రేమకు బహుమానంగా కథ ఆమెకు జమీందారు కోడలి పదవి ఇచ్చేసింది. అంజి ఒట్టి అంజిగానే మిగిలి, ఇద్దరూ ఒక చిన్న ఇంట్లో రుబ్బురోలు పెట్టుకుని బతికితే ప్రేక్షకుడికి ఏం పోయేది? డబ్బులు పోయేవి, నిర్మాతకి. అది నాకూ తెలుసు.

హిందీలో హృషీకేశ్ ముఖర్జీ ‘చుప్కే చుప్కే’ (1975) కూడా ఇదే ఆట. వృక్షశాస్త్రం ప్రొఫెసరు డ్రైవరు వేషం వేసుకుని భార్య బావగారి శుద్ధ హిందీ మోజును ఆటపట్టిస్తాడు. అందరికీ గుర్తున్నది ఆ డ్రైవరే. నాకు గుర్తున్నది మొదట్లో వచ్చే డాక్ బంగళా. ముసలి కావలివాడి ఊళ్లో, అతని ఇంట్లో పసిబిడ్డకు ఒంట్లో బాగోలేదు. అతన్ని ఊరికి పంపించడానికి ప్రొఫెసరు తనే కావలివాడి వేషం కట్టి, వచ్చిన అతిథులకు సేవ చేస్తాడు. మారువేషం వల్ల నిజమైన పనివాడికి సెలవు దొరికింది. వెతికినా ఇలాంటిది ఇంకొకటి దొరకడం కష్టం. తక్కిన కథల్లో దొరబిడ్డ పనివాడి చొక్కా తొడుక్కుంటాడు. ఆ చొక్కా అసలువాడు ఎక్కడున్నాడో ఎవరూ అడగరు.

ఆ తరవాత మన సినిమాల్లో ఈ వేషం పరీక్షగా మారింది. ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’ (2005)లో విదేశాల నుంచి వచ్చిన కుర్రాడు ప్రియురాలి అన్న పొలంలో చెమటోడ్చాడు. ‘అత్తారింటికి దారేది’ (2013)లో మిలాన్ కోటీశ్వరుడి మనవడు అత్త ఇంట్లో డ్రైవరయ్యాడు. దర్శకుడు త్రివిక్రమ్ ఒక మెలిక పెట్టాడు: అతనెవరో అత్తకు ముందే తెలుసు. పొరపాటు కూడా లేదిక, ఇద్దరూ తెలిసి ఆడుతున్న ఆట. దీన్నే సుదీప్ ‘రన్న’గా కన్నడంలో చేశాడు. పనివాడి వేషం ఇక్కడ అల్లుడి తపస్సు లాంటిది. కొన్నాళ్లు చేస్తే వరం వస్తుంది. నిజమైన డ్రైవరు ముప్పై ఏళ్లు చేసినా వరం రాదు, పీఎఫ్ వస్తే గొప్ప.

2020లో వచ్చిన ‘అల వైకుంఠపురములో’ దగ్గర నాకు సినిమా మీద కోపమే వచ్చింది. పుట్టినప్పుడే గుమాస్తా పిల్లల్ని మార్చేశాడు. గొప్పింటి బిడ్డ గుమాస్తా ఇంట్లో పెరిగి కూడా మగధీరుడయ్యాడు. గుమాస్తా బిడ్డ మేడలో పెరిగి కూడా నోట్లో నాలుక లేనివాడయ్యాడు. మారివో 1730లో చెప్పిందే ఇది. పాటలు బాగున్నాయి కాబట్టి మనం గమనించలేదు. భాష కూడా ఇదే కుట్రలో ఉంది మరి. నౌకరీ దొరికిందంటే లడ్డూలు పంచుతారు. నౌకరు అంటే మొహం మాడ్చుకుంటారు. రెండూ ఒకే మాటలోంచి పుట్టినవే.

తిరగేసి చూసినవాళ్లూ ఉన్నారు. ఇషిగురో ‘ది రిమెయిన్స్ ఆఫ్ ద డే’ (1989)లో స్టీవెన్స్ అనే బట్లరు కారులో పెట్రోలు అయిపోయి ఒక పల్లెలో రాత్రి ఉండాల్సివస్తుంది. మాటతీరు చూసి ఊరివాళ్లు అతన్ని పెద్ద దొర అనుకుంటారు. అతను కాదనడు. తెల్లారాక ఊరి డాక్టరొక్కడే పసిగడతాడు. పనివాణ్ని దొర అనుకోవడంలో నవ్వూ లేదు, గెలుపూ లేదు. ఒక మనిషి తన బతుకు మొత్తాన్ని దాచిపెట్టుకున్న ఇరకాటం ఉంది. ఆ పుస్తకం చదువుతుంటే ఆ రాత్రి త్వరగా తెల్లారితే బాగుండు అనిపిస్తుంది.

అడిగా నవల ‘వైట్ టైగర్’ (2008) మన ఊరిదాకా వచ్చిన కథ. ఢిల్లీలో యజమానిని చంపిన డ్రైవరు బల్‌రామ్ బెంగళూరుకు పారిపోయి వచ్చి, కాల్ సెంటర్లకు టాక్సీలు నడుపుతూ, చచ్చిన యజమాని పేరే పెట్టుకుని అశోక్ శర్మగా చలామణి అవుతాడు. ఈ ఊళ్లో ఎవరూ అతన్ని పనివాడనుకోలేదు. అందుకు ఒక హత్య కావాల్సివచ్చింది. పుస్తకం నాకు పూర్తిగా నచ్చలేదు. దాని గొంతు మరీ గట్టిది. కానీ సైరంధ్రి కథకు ఎదురుగా పెట్టి చూస్తే ఆ కథ ఇన్నాళ్లూ అడగని ప్రశ్న ఇది అడిగింది: వెనక భీముడు లేనివాడు ఏం చేస్తాడు?

జీవితం కథను కాపీ కొట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2022 జనవరిలో తుమకూరులో ఒక రైతు సరుకుల బండి కొనడానికి షోరూమ్‌కు వెళ్తే, జేబులో పది రూపాయలు కూడా ఉండవని ఎగతాళి చేశారు. గంటలో పది లక్షలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. దేశమంతా చప్పట్లు కొట్టింది, కంపెనీ క్షమాపణ చెప్పింది. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి. తరవాత ఆలోచిస్తే, ఆ పది లక్షలు తేలేని రైతు సంగతేమిటి? అతన్ని ఎగతాళి చెయ్యొచ్చా? అల్వార్ మహారాజును లండన్ షోరూమ్‌లో అవమానిస్తే రోల్స్ రాయిస్ కార్లు కొని చెత్తబళ్లుగా వాడాడన్న కథ ప్రతి వాట్సాప్ గుంపులోనూ తిరుగుతుంది. అది కట్టుకథేనని తెలిసినా మనకు కావాలి. అవమానించినవాడు బుద్ధి తెచ్చుకోవాలంటే అవమానపడినవాడు మహారాజు కావాలని మనకు గట్టి నమ్మకం.

సుధామూర్తి ‘త్రీ థౌజండ్ స్టిచెస్’ (2017)లో హీత్రో విమానాశ్రయంలో తన సల్వార్ కమీజ్ చూసి మరో భారతీయురాలు ఎకానమీ వరసలోకి పొమ్మన్న సంగతి రాశారు. ఆ రచన బలం కూడా ఆ తరవాత ఆవిడ ఎవరో తెలియడంలోనే ఉంది. 2024లో బెంగళూరులోనే రెండు సంఘటనలు: ఫిబ్రవరిలో రాజాజీనగర్ మెట్రో స్టేషన్‌లో బట్టలు మాసాయని ఒక రైతును ఆపారు, జులైలో మాగడి రోడ్డులోని ఒక మాల్‌లో పంచె కట్టుకున్నాడని మరో రైతును లోపలికి రానివ్వలేదు. మెట్రో సంస్థ తన సిబ్బందిని తీసేసింది, ప్రభుత్వం మాల్‌ను ఏడు రోజులు మూయించింది. ఇక్కడ ఎవరూ మహారాజుగా తేలలేదు. రైతు రైతుగానే ఉన్నాడు, అవమానం అవమానంగానే లెక్కకొచ్చింది. కథల కన్నా ప్రభుత్వం ఒక అడుగు ముందుండడం తరచూ జరిగేది కాదు కాబట్టి నమోదు చేస్తున్నాను.

మరి తెలిసేకొద్దీ పైకి కాకుండా కిందికి పోయే పొరపాటు? అది కల్పనలో తక్కువ. దాన్ని రాసింది అంబేడ్కర్, ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో. 1901లో ఆయనా, తోటి పిల్లలూ శుభ్రమైన బట్టలేసుకుని తండ్రి దగ్గరికి రైల్లో వెళ్తారు. మసూర్ స్టేషన్‌లో దిగితే స్టేషన్ మాస్టరు వాళ్లను బ్రాహ్మణ పిల్లలనుకుని దయగా పలకరిస్తాడు. ఎవరని అడిగితే పిల్లలు కులం చెప్పేస్తారు. ఆయన మొహం మారిపోతుంది, లోపలికి వెళ్లిపోతాడు. విరాటుడి సభలో నిజం తెలిశాక ఆసనం దొరికింది; మసూర్‌లో నిజం తెలిశాక దొరికిన దయ కూడా పోయింది. ఈ రెండో దాన్ని చదవకుండా మొదటిదాన్ని మెచ్చుకోవడం ఇక నా వల్ల కాదు.

పొరపాటే లేకుండా తీసినది రోహెనా గెరా ‘సర్’ (2018). ముంబయిలో ఇంటిపని చేసే రత్న బట్టలు కుట్టడం నేర్చుకోవాలనుకుంటుంది. ఒక ఖరీదైన బట్టల కొట్లోకి, కుట్టు ఎలా ఉందో చూద్దామని అడుగుపెడుతుంది. బయటికి పంపించేస్తారు. ఆమెను ఎవరో అనుకుని కాదు. ఆమె ఎవరో సరిగ్గా గుర్తుపట్టి. రత్నగా చేసిన తిలోత్తమా షోమ్ ఆ తరవాత ఏమీ అనదు. ఆమె వెనక భీముడూ లేడు, పది లక్షలూ లేవు. పి.సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు పని చేసీ చేసీ తన పేరే మర్చిపోతుంది. ఆమెనూ ఎవరూ పొరబడలేదు, అందరికీ ఆమె చేసే పని తెలుసు. ఈ రెండూ పొరపాటు అన్న ఊతకర్రను పారేసి నడిచాయి. అందుకే బాగున్నాయి.

వారపత్రికల్లో ఒక పాత కార్టూను రకం ఉండేది. గుమ్మంలో సబ్బులమ్మేవాడు, ఎదురుగా చింపిరి జుట్టుతో ఇల్లాలు, “అమ్మగారున్నారా?” ఇల్లాలికి కోపం, చదివేవాళ్లకు నవ్వు. తెలుగులో రాసేవాళ్లకు నా విన్నపమల్లా, ఆ కార్టూన్‌లో లోపల గిన్నెలు తోముతూ ఆ మాట విన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఈసారి వాళ్లవైపు నుంచి రాయండి. చిక్కపేటలో చీర మడత పెట్టిన కుర్రాడి వైపు నుంచి రాయండి. నేను పనివాణ్ని కానని చెప్పి అతను నన్ను కాపాడినప్పుడు అతనికేమనిపించిందో నేను అడగలేదు. బిల్లు కట్టి వచ్చేశాను.

రదనిక మళ్లీ ఆరో అంకంలో కనబడుతుంది, చారుదత్తుడి కొడుకును ఎత్తుకుని. పక్కింటి పిల్లాడి బంగారు బండితో ఆడుకున్నాడట, వాళ్లు తీసేసుకుంటే అది కావాలని ఏడుస్తున్నాడట. ఊరుకోబెట్టడానికి రదనిక మట్టితో ఒక బండి చేసిచ్చింది. వసంతసేన తన నగలన్నీ ఆ బండిలో పోస్తుంది, ఆ నగలే తరవాత చారుదత్తుణ్ని కొరతదాకా తీసుకెళతాయి. మృత్ అంటే మట్టి, శకటిక అంటే చిన్న బండి. శూద్రకుడు నాటకానికి పెట్టిన పేరు రదనిక చేసిన ఆ బొమ్మదే.